ఇంటిదొంగను పట్టిన చరిత్రకారుడు: వ్లదీమిర్ బూర్త్సెవ్

ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మన పెద్దల మాట. పరాయిదొంగ గోడకు కన్నము వేయవలెను; ఇంటిదొంగకు తాళపుచెవి యింటివారే యిత్తురు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున గూఢపురుషుల వేషములను వివరించుచు విద్యార్థిని, సన్న్యాసిని, కృషీవలుని, వర్తకుని, తాపసుని పేర్కొనెను. పందొమ్మిదవ శతాబ్దమున రష్యా చక్రవర్తుల పోలీసుశాఖ ఆ పట్టికకు మరియొక వేషమును చేర్చెను. అది విప్లవకారుని వేషము. చక్రవర్తిని ద్వేషించువారి నడుమ చక్రవర్తి జీతగాడు కూర్చుండి, వారికంటె బిగ్గరగా చక్రవర్తిని దూషించుచు, వారి పేర్లను రాత్రివేళ వ్రాసి పంపుచుండెడివాడు. అట్టివారిని ఒక్కొక్కరినే వెలికిదీసి లోకమునకు చూపుటలో జీవితమును గడపిన మహనీయుడు వ్లదీమిర్ ల్వోవిచ్ బూర్త్సెవ్. ఆయన చేత ఆయుధము లేదు, వెనుక అధికారము లేదు. ఆయనకున్నవి రెండే: చరిత్రకారుని ఓర్పు, పత్రికా సంపాదకుని కలము.

బాల్యము, ప్రవాసము

బూర్త్సెవ్ 1862వ సంవత్సరమున కాస్పియన్ సముద్రపు తూర్పుతీరమునగల అలెగ్జాండ్రోవ్‌స్కీ కోటలో జన్మించెను. తండ్రి సైనికాధికారి. పీటర్స్‌బర్గ్, కజాన్ విశ్వవిద్యాలయములలో విద్యార్థిగా నుండగనే ఆయన ‘నరోద్నయ వోల్య’ అను విప్లవసంఘముతో సంబంధము పెట్టుకొనెను. ప్రజల సంకల్పమని ఆ పేరున కర్థము. 1881లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తిని వధించిన సంఘ మదియే.

బూర్త్సెవ్ అందు ప్రవేశించునాటికే సంఘము లోలోపల పుచ్చిపోయియుండెను. అందులకు కారకుడు దెగాయెవ్ అను మాజీ సైనికోద్యోగి. అతడు 1882 చివర పట్టుబడి, పీటర్స్‌బర్గ్ రహస్యపోలీసు నాయకుడైన సుదేయ్‌కిన్‌తో ఒడంబడిక చేసికొని, చెరనుండి తప్పించుకొన్నట్లు నటించి మరల సహచరులలో చేరెను. అతడిచ్చిన సమాచారము వలననే 1883లో సంఘనాయకురాలు వేరా ఫిగ్నర్ బంధింపబడి, ష్లిస్సెల్‌బర్గ్ కోటలో 20 సంవత్సరములు చెరననుభవించెను. గుట్టు బయటపడగా దెగాయెవ్ తన ప్రాణము దక్కించుకొనుటకై సుదేయ్‌కిన్‌నే చంపించి, దేశము విడిచి అమెరికా చేరి, పేరు మార్చుకొని గణితశాస్త్రాచార్యుడుగా జీవించెను. ఇరువది యేండ్ల యువకుడైన బూర్త్సెవ్ మనస్సున ఈ ఉదంతము చెరగని ముద్ర వేసెను.

1885లో బూర్త్సెవ్ పట్టుబడెను. కొంతకాలము కారాగారమున నుంచిన పిమ్మట ఆయనను సైబీరియాలోని ఇర్కూత్‌స్క్ ప్రాంతమునకు పంపిరి. 1888లో అచ్చటినుండి తప్పించుకొని స్విట్జర్లండు చేరి, జెనీవాలో మిత్రులతో కలిసి ‘స్వేచ్ఛారష్యా’ అను పత్రికను నడపెను. 1890 ప్రాంతమున బల్గేరియా, రుమేనియాలకు పోయినపుడు రష్యా చారులు వెంటబడగా, ఆయన ఒక ఆంగ్లేయుల ఓడ నాశ్రయించెను. కాన్‌స్టాంటినోపుల్ రేవున ఓడను చుట్టుముట్టి ఆయనను అప్పగింపుమని అడిగినను, శరణుజొచ్చినవానిని ఇయ్యనని కప్తాను నిరాకరించెను. అట్లు లండను చేరిన బూర్త్సెవ్ బ్రిటిష్ మ్యూజియము గ్రంథాలయమునే నివాసముగా చేసికొని, నూరేండ్ల రష్యా రాజకీయోద్యమ చరిత్రకు సంబంధించిన ఆధారములను పోగుచేసి గ్రంథముగా ప్రకటించెను. ఏ యేట ఏ సంఘమున ఎవరుండిరి, ఎవరెప్పుడు పట్టుబడిరి, ఎవరు తప్పించుకొనిరి అను వివరములన్నియు ఆయనకు కంఠస్థమయ్యెను. తరువాతి కాలమున ఆయనకు ఆయుధమైనది ఈ జ్ఞానమే.

1897లో ఆయన ప్రకటించిన పత్రికలో చక్రవర్తివధను సమర్థించు వ్రాతలు వెలువడెను. పారిస్‌లోని రష్యా రాయబారకార్యాలయమున నుండి ఐరోపాయందలి ప్రవాసులపై నిఘా నడపుచున్న రచ్‌కోవ్‌స్కీ ఈ అవకాశమును విడువలేదు. ఆంగ్ల పోలీసుల తోడ్పాటుతో వ్యాజ్యము నడచెను. 1898లో లండను న్యాయస్థానము బూర్త్సెవ్‌నకు 18 మాసముల కఠినశిక్ష విధించెను.

మొదటి పాఠము

రచ్‌కోవ్‌స్కీ సేవకులలో హెకెల్‌మన్ అనువాడొకడు. పీటర్స్‌బర్గ్ విద్యార్థులలో తిరుగుచుండగా 1880 ప్రాంతపు దశకమున అతనిపై అనుమానములు పొడసూపెను. వెంటనే అతడు దేశము విడిచి, లాండెసెన్ అను పేరుతో ప్రవాసులలో చేరెను. ధనికుని కుమారుడనని చెప్పుకొనుచు ఉదారముగా వ్యయము చేయువానిని పేదలైన ప్రవాసులు శంకింపలేదు. పాత అనుమానములను తలచిన వారిని అపవాదులు వేయువారని మందలించిరి. 1890లో అతడు పారిస్‌లోని యువకులను కొందరిని చేరదీసి, మూడవ అలెగ్జాండర్ చక్రవర్తిని చంపుటకు బాంబులు చేయుడని ప్రోత్సహించెను. బాంబులు సిద్ధమైన సమయమునకు ఫ్రెంచి పోలీసులు వచ్చి అందరిని పట్టిరి. లాండెసెన్ మాత్రము దొరకలేదు. న్యాయస్థానము అతడు పరోక్షమున నుండగనే ఐదేండ్ల శిక్ష విధించెను.

వార్త మోసెడి వేగులవానికిని, కుట్రను తానే పుట్టించెడి ప్రేరకునికిని గల భేదము ఈ ఉదంతమున స్పష్టమగుచున్నది. మొదటివాడు ఉన్నదానిని చెప్పును. రెండవవాడు లేనిదానిని కల్పించి, అమాయకుల చేతులకు బాంబు నందించి, ఆ చేతులకే సంకెళ్లు తగిలించును. ఆ పట్టివేతవలన రష్యా చక్రవర్తికి ఫ్రెంచి ప్రభుత్వముపై ప్రసన్నత కలిగెను. రచ్‌కోవ్‌స్కీ ప్రతిష్ఠ పెరిగెను. యువకులు చెరసాలకు పోయిరి.

పత్రికాలయమున అపరిచితుడు

1905 నాటి విప్లవము వలన రష్యాలో కొంత స్వేచ్ఛ లభింపగా బూర్త్సెవ్ స్వదేశమునకు మరలి వచ్చెను. అంతకుముందు విదేశమున తాను నడపిన ‘బిలోయె’ అను చారిత్రకపత్రికను 1906లో పీటర్స్‌బర్గ్‌లో మిత్రులతో కలిసి పునఃప్రారంభించెను. బిలోయె యనగా గడచిన కాలము. ఆ వసంతమున ఒక అపరిచితుడు పత్రికాలయమునకు వచ్చి, తాను వార్సా నగరపు రహస్యపోలీసుశాఖలో ఉద్యోగినని, తనకు తెలిసినది చెప్పదలచితినని విన్నవించెను. అతని పేరు బాకాయ్. పోలీసులు పన్నిన వలయేమో యని ఎవరికైనను తోచును. బూర్త్సెవ్ అతనిని తరిమివేయలేదు, వెంటనే నమ్మనులేదు. అతడు చెప్పిన ప్రతి విషయమును తనకు తెలిసిన చరిత్రతో పోల్చిచూచెను. పోల్చినకొలది మాటలు సరిపోవుచుండెను.

బాకాయ్ చెప్పిన వానిలో నొకటి బూర్త్సెవ్‌నకు నిద్రలేకుండ చేసెను. సోషలిస్టు రివల్యూషనరీ పక్షపు పైస్థాయిలో ‘రాస్కిన్’ అను మారుపేరుగల పోలీసుమనిషి యొకడున్నాడని అతడు తెలిపెను. అసలు పేరు అతడెరుగడు. ఒకప్పుడు ఆ రాస్కిన్ వార్సాకు వచ్చి పోయినట్లు మాత్రము ఎరుగును.

రాస్కిన్ ఎవడు? పక్షనాయకులలో ఒక్కొక్కరిని తలచుకొని, ఆ కాలమున వార్సాకు పోయిన వారెవరు, ఏయే రహస్యములు పోలీసులకు తెలిసినవి, ఆ రహస్యములన్నియు తెలిసిన వారెవరు అని బూర్త్సెవ్ లెక్కించుచుండెను. ఆ దినములలో పీటర్స్‌బర్గ్ వీథిలో ఒక దృశ్యము ఆయన కంటబడెను. తెరచిన గుఱ్ఱపుబండిలో అజెఫ్ నిబ్బరముగా పోవుచుండెను. అజెఫ్ పక్షపు ‘పోరాటసంస్థ’కు నాయకుడు. మంత్రులను, రాజవంశీయులను వధింపజేసినవాడు. అల్పదోషములకే వందలాదిమంది చెరసాలలకు పోవుచున్న రోజులలో, వేగులవారు ప్రతి మూలను కాచియున్న నగరమున, ఇతడు ముఖమైనను దాచుకొనక పోవుటెట్లు సాధ్యము? అజెఫ్‌ను పోలీసులకు పట్టిచ్చిన వాడెవడో పక్షమున నున్నాడేమోయని మొదట శంకించిన బూర్త్సెవ్, ఆలోచన సాగినకొలది, ఆ వాడు అజెఫ్ తానేయని గ్రహించెను.

రెండు నాల్కల మనిషి

యెవ్నో అజెఫ్ 1869లో ఒక పేద యూదు దర్జీ యింట జన్మించెను. 1892లో జర్మనీకి పారిపోయి కార్ల్‌స్రూహెలో చదువుచు, మరుసటి యేడే తోడి విద్యార్థుల వార్తలను అమ్ముదునని రష్యా పోలీసుశాఖకు జాబు వ్రాసెను. నెలకు 50 రూబుళ్ల జీతము నిర్ణయమయ్యెను. విద్యుత్ ఇంజనీరై స్వదేశమునకు వచ్చి, సోషలిస్టు రివల్యూషనరీ పక్షము ఏర్పడునపుడే అందు చేరెను. 1903లో పోరాటసంస్థ నాయకుడైన గెర్షూనీ పట్టుబడగా ఆ స్థానము అతనిదయ్యెను.

1904లో ఆంతరంగికమంత్రి ప్లేవే, 1905లో చక్రవర్తి పినతండ్రియైన సెర్గెయ్ ప్రభువు బాంబులకు బలియైరి. రెంటిని నడపినవాడు అజెఫ్. బాంబులు విసరిన సజోనోవ్, కాల్యాయెవ్‌లలో మొదటివాడు చెరకు, రెండవవాడు ఉరికంబమునకు పోయిరి. అదే సమయమున అజెఫ్ ఇతర ప్రయత్నములను, ఇతర సహచరులను పోలీసులకు తెలుపుచు జీతము తీసికొనుచుండెను. ఒక చేత అందించిన బాంబు అతనికి పక్షమున కవచమయ్యెను. రెండవచేత అందించిన జాబు ప్రభుత్వమున కవచమయ్యెను. ప్లేవేను చంపించినవాడు పోలీసుమనిషి యెట్లగునని సహచరులును, ఇన్ని రహస్యములు తెల్పువాడు హంతకుడెట్లగునని అధికారులును తమ తమ నమ్మకములతో తృప్తిచెందియుండిరి.

హెచ్చరికలు లేకపోలేదు. 1905లో పక్షమునకు పేరులేని జాబొకటి చేరెను. తాతారోవ్ అనువాడును, ఇంజనీరు అజెఫ్ అనువాడును ద్రోహులని అందుండెను. దానిని వ్రాసినది అసంతృప్తుడైన యొక రహస్యపోలీసు ఉద్యోగియేయని తరువాత తెలిసెను. పక్షము తాతారోవ్ విషయమును విచారించెను. అతని లెక్కలు సరిపడలేదు. అజెఫ్ పేరు మాత్రము వానిని కలవరపెట్టుటకు పోలీసులు చేర్చినదని త్రోసివేసిరి. విచారణలో తాతారోవ్ అసలు ద్రోహి అజెఫేయని చెప్పినను, చిక్కినవాడు పెద్దవానిపై నిందవేయుచున్నాడనుకొనిరి. 1906లో తాతారోవ్‌ను వార్సాలో తలిదండ్రుల యింటనే చంపిరి. ఒకే జాబులోని రెండు పేర్లలో చిన్నవాని పేరు నిజమయ్యెను, పెద్దవాని పేరు అబద్ధమయ్యెను. ఆధారమును కాక హోదాను తూచినపుడు త్రాసు అట్లే మొగ్గును.

బూర్త్సెవ్ తన అనుమానమును పక్షనాయకులకు తెలుపగా వారు మండిపడిరి. ఒక విచారణసంఘము అజెఫ్‌ను నిర్దోషియని తేల్చెను. ఈ కాలహరణమునకు మూల్యము ప్రాణములతో చెల్లింపబడెను. 1908 ప్రారంభమున ఉత్తరప్రాంత దళమువారు పీటర్స్‌బర్గ్‌లో పట్టుబడిరి. వారి జాడ తెలిపినవారిలో అజెఫ్ ముఖ్యుడు. ఏడుగురిని ఉరితీసిరి. వారి కథయే లియొనిద్ ఆంద్రేయెవ్ ఆ యేడే వ్రాసిన ‘ఉరితీయబడిన ఏడుగురు’ అను ప్రసిద్ధరచనకు ప్రేరణమయ్యెను. రచన లోకమంతట చదువబడెను. ఆ ఏడుగురిని ఉరికంబమునకు పంపినవాడు పక్షసభలలో గౌరవస్థానమున కూర్చుండియుండెను.

రైలుబండిలో ఆరుగంటలు

బూర్త్సెవ్‌నకు తార్కికమైన నిశ్చయము కలిగినను, పదిమంది యెదుట నిలువగల సాక్ష్యము కావలసియుండెను. అట్టి సాక్ష్యమీయగలవాడు అలెక్సెయ్ లోపూహిన్. ఆయన 1902 మొదలు 1905 వరకు పోలీసుశాఖకు డైరెక్టరు. పిదప ప్రభుత్వముతో తగవుపడి, యూదులపై దౌర్జన్యములను రెచ్చగొట్టు కరపత్రములు పోలీసుశాఖలోనే అచ్చయినవని బయటపెట్టినవాడు. 1908 సెప్టెంబరులో లోపూహిన్ జర్మనీమీదుగా ప్రయాణము చేయుచున్నాడని తెలిసి బూర్త్సెవ్ కలోన్ నగరమున అదే రైలుబండి నెక్కెను.

బెర్లిను చేరుటకు సుమారు ఆరుగంటలు. బూర్త్సెవ్ ఆయనను పేరు చెప్పుమని అడుగలేదు. తానే చెప్పుటకు ఆరంభించెను. రాస్కిన్ అనువాడు ఎక్కడెక్కడ ఏమి చేసినదియు ఒక్కొక్కటిగా ముందుంచెను. ప్లేవే వధను నడపినవాడును, సెర్గెయ్ ప్రభువు వధను నడపినవాడును వాడేయని తెలిపెను. ప్లేవే లోపూహిన్‌నకు పైయధికారి, ఆశ్రయదాత. తన శాఖలో జీతము తీసికొన్నవాడే తన మంత్రిని చంపించెనని ఆ మాజీ డైరెక్టరు అప్పుడే తొలిసారి వినెను. చాలసేపు మౌనముగా విని, ప్రయాణము ముగియబోవుచుండగా, రాస్కిన్ అనువానిని తానెరుగనని, ఇంజనీరు అజెఫ్‌ను మాత్రము పలుమార్లు చూచితినని పలికెను. బూర్త్సెవ్ రెండేండ్లుగా వెదకుచున్న పేరు ఆయన నోట వినబడెను.

ముద్దాయి స్థానమున

అంతటితో కష్టము తీరలేదు. పక్షమువారు బూర్త్సెవ్‌పైననే అపవాదు నేరము మోపి, 1908 శరత్కాలమున పారిస్‌లో గౌరవన్యాయస్థానమును ఏర్పాటుచేసిరి. న్యాయనిర్ణేతలు ముగ్గురు: పీటర్ క్రొపోట్కిన్, హెర్మన్ లోపాతిన్, వేరా ఫిగ్నర్. పక్షము తరఫున చెర్నోవ్, సావిన్‌కోవ్, నతాన్‌సన్ వాదించిరి. అజెఫ్ ఆ న్యాయస్థానమునకు రాలేదు. నిర్దోషి తన్నుతాను సమర్థించుకొననక్కరలేదని అతని మిత్రులు దానినిగూడ గొప్పతనముగా వర్ణించిరి.

విధి వైపరీత్య మేమనగా, దెగాయెవ్ ద్రోహము వలన ఇరువదియేండ్లు చెరననుభవించిన ఫిగ్నర్ అజెఫ్ విషయమున లేశమైనను నమ్మలేదు. ఒకప్పుడు దెగాయెవ్ నోటినుండి నిజము రాబట్టిన లోపాతిన్ మాత్రము బూర్త్సెవ్ మాటలను శ్రద్ధగా వినెను. పొరపాటైనచో బూర్త్సెవ్ ప్రాణము తీసికొనుటయే న్యాయమని సభలో మాటలు దొర్లెను. ఆయనయు తన ఆరోపణ అబద్ధమైన పక్షమున తన జీవితము వ్యర్థమేయని ఎరుగును. చివరకు, రహస్యముగా నుంచుడని ప్రార్థించి, రైలుబండిలో లోపూహిన్ చెప్పినది ఆయన సభకు నివేదించెను. గది నిశ్శబ్దమయ్యెను. లోపాతిన్ మనస్సు దృఢపడెను. అయినను పక్షప్రతినిధులు లోపూహిన్ మాటను పరీక్షింపదలచి, ఒక సభ్యుని పీటర్స్‌బర్గ్‌నకు పంపిరి.

ఈ వార్త పొక్కగా అజెఫ్ తానే తన గొయ్యి త్రవ్వుకొనెను. 1908 నవంబరులో రహస్యముగా పీటర్స్‌బర్గ్‌నకు పోయి, లోపూహిన్ యింటి తలుపు తట్టి, తన్ను రక్షింపుమని వేడుకొనెను. కొలది దినములకే నగర రహస్యపోలీసు అధిపతి గెరాసిమోవ్‌యును అదే కోరికతో, బెదరింపుతో వచ్చెను. లోపూహిన్ ఈ రాకపోకలను ప్రధానమంత్రి స్తొలీపిన్‌నకు జాబుద్వారా తెలిపి, డిసెంబరులో లండనులో పక్షనాయకులను స్వయముగా కలిసికొని సర్వము చెప్పెను. ఆ దినములలో తాను బెర్లినులో నుంటినని అజెఫ్ చూపిన బసపత్రములు పరిశీలనకు నిలువలేదు. 1909 జనవరి మొదటి వారమున చెర్నోవ్, సావిన్‌కోవ్ ప్రభృతులు పారిస్‌లోని అతని యింటికి పోయి ప్రశ్నించిరి. అతడు తడబడెను. అప్పటికిని వారి మనస్సులు పూర్తిగా గట్టిపడలేదు, ఆలోచించుకొమ్మని విడిచివచ్చిరి. ఆ రాత్రియే అజెఫ్ పారిపోయెను. పక్షము అతనిని ద్రోహిగా ప్రకటించెను.

రష్యా పార్లమెంటుసభయైన దూమాలో ప్రశ్నలు చెలరేగెను. అజెఫ్ వార్తలందించు సేవకుడు మాత్రమేయని స్తొలీపిన్ సమర్థించెను. నిజము చెప్పిన లోపూహిన్‌నకు కఠినశిక్ష విధించి, దానిని సైబీరియా ప్రవాసముగా మార్చిరి. అజెఫ్ బెర్లినులో మారుపేరుతో సుఖముగా వ్యాపారము చేసికొనుచుండెను. 1912లో బూర్త్సెవ్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో అతనిని కలిసికొని దినములకొలది ప్రశ్నించెను. తాను విప్లవమునకు చేసిన మేలు కీడుకంటె ఎక్కువయని, మరల విచారణ జరుపవలెనని ఆ మనిషి వాదించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనులు అతనిని ప్రమాదకరుడైన విప్లవకారుడని చెరబెట్టిరి. 1918లో బెర్లినులో మరణించెను.

గెలుపు, దాని నీడ

1909లోనే బూర్త్సెవ్ మరియొక ముసుగును తొలగించెను. పారిస్‌లో రష్యా రహస్యశాఖకు అధిపతియై, ఫ్రెంచి ప్రభుత్వపు గౌరవచిహ్నము ధరించి తిరుగుచున్న హార్టింగ్ అను పెద్దమనిషి మరెవరో కాదు, 1890లో యువకులచేత బాంబులు చేయించి పారిపోయిన లాండెసెన్ అనియు, అంతకుముందు హెకెల్‌మన్ అనియు ఆయన నిరూపించెను. ఫ్రెంచి న్యాయస్థానము శిక్షించిన దోషి ఫ్రాన్సుచేతనే సత్కరింపబడెను! సోషలిస్టు నాయకుడు జోరెస్ ఈ విషయమును పార్లమెంటున ఎత్తగా దేశమున గగ్గోలు పుట్టెను. హార్టింగ్ మాయమయ్యెను. ఇరువదియేండ్ల క్రిందటి వ్యాజ్యపు కాగితములను మరువని చరిత్రకారుని ముందు మూడు పేర్లు, మూడు వేషములు నిలువజాలకపోయెను.

కాని ఈ విజయములకు నీడయు కలదు. అజెఫ్ బయటపడిన పిమ్మట ప్రవాసులలో ప్రతివాడును ప్రక్కవానిని అనుమానింపసాగెను. నిన్నటివరకు ఎవరిని శంకింపరాదనినవారు నేడు ఎవరిని నమ్మరాదనిరి. పోరాటసంస్థ సభ్యురాలగు ఒక యువతి తనపై మోపబడిన అనుమానమును భరింపలేక 1909లో ప్రాణత్యాగము చేసెను. ద్రోహి పక్షమునకు చేయు కడపటి కీడు ఇదియే: తాను పోయినను అపనమ్మకమును వారసత్వముగా విడిచిపోవును.

బూర్త్సెవ్ పద్ధతికిని హద్దులుండెను. బోల్షివిక్కుల తరఫున 1912లో దూమాకు ఎన్నికై, లెనిన్ విశ్వాసమును చూరగొన్న మలినోవ్‌స్కీ పోలీసుమనిషియని పలువురు గుసగుసలాడిరి. 1914లో పక్షము విచారించి ఆధారము లేదనెను. పలుకుబడిగల ఆ సభ్యుని నిజస్వరూపము నాడు ఎవరికిని పట్టుపడలేదు. 1917లో చక్రవర్తి ప్రభుత్వము కూలి పోలీసుశాఖ దస్త్రములు తెరచినపుడే అతని పేరు, జీతము తెల్లమయ్యెను. 1918లో అతనిని కాల్చివేసిరి.

అనుమానము, ఆధారము

ఈ జీవితమునుండి గ్రహింపదగిన దొకటి కలదు. బూర్త్సెవ్ ఎవరి ముఖమును చూచి ద్రోహియని చెప్పలేదు, ఎవరి మాటతీరునుబట్టి నిందింపలేదు. అజెఫ్ రూపము వికారమైనదని, చూపు మంచిది కాదని ముందే తోచినట్లు తరువాత చెప్పుకొన్నవారు చాలమంది. అట్టి తోపులు విలువలేనివి. ఆయన అడిగిన ప్రశ్నలు వేరు. ఎవరు ఎల్లప్పుడును పట్టుబడుచున్నారు, ఎవరు ఎన్నడును పట్టుబడుట లేదు? బయటపడిన రహస్యము ఎవరెవరికి తెలిసినది? ఇతరులను సాహసమునకు పురికొల్పి, ఆ వేళకు తాను దూరముగా నుండువాడెవడు? అడుగకుండ ధనమిచ్చువానికి ఆ ధన మెక్కడిది? ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానములను గూడ ఆయన నిర్ణయముగా భావింపలేదు. పరస్పరము ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకేమాట చెప్పువరకు వేచియుండెను. అప్పుడైనను చీకటిలో శిక్షింపుమనలేదు. పదిమంది యెదుట విచారణ కోరి, తానే ముద్దాయిగా నిలిచెను.

పక్షము చేసిన తప్పును ఇందునుండియే గ్రహింపవచ్చును. అన్ని త్రాళ్లను ఒకని చేతికిచ్చి, ఆ చేతిని ప్రశ్నించుట పాపమని ఎంచుకొనెను. చిన్నవానియెడ ఆధారము లేకున్నను అనుమానము, పెద్దవానియెడ ఆధారమున్నను నమ్మకము దానికి నీతియయ్యెను. రహస్యమునే ప్రాణముగా చేసికొన్న సంఘమున వేషధారికి తావు సులభముగా దొరకును. తెరచిన సభలో, తెరచిన లెక్కలతో నడచుచోట అతనికి పని తక్కువ.

కడపటి దినములు

1914లో యుద్ధము రాగా, తగవు మాని దేశరక్షణకు నిలువవలెనని బూర్త్సెవ్ తానే రష్యాకు మరలివచ్చెను. సరిహద్దుననే ఆయనను పట్టి సైబీరియాలోని తురుహాన్‌స్క్ ప్రాంతమునకు పంపిరి. మిత్రదేశమైన ఫ్రాన్సునుండి ఒత్తిడి రాగా మరుసటి యేట విడుదల చేసిరి. 1917లో బోల్షివిక్కులు అధికారమునకు వచ్చిన దినముననే, తమ్ము విమర్శించు పత్రికను నడపుచున్నందులకు ఆయనను బంధించిరి. చక్రవర్తి చెరను, ఆంగ్లేయుల చెరను చూచిన ఆయన కొత్తప్రభుత్వపు చెరను గూడ చవిచూచెను. 1918లో విడుదలయై ఫిన్లండుమీదుగా పారిస్ చేరి, శేషజీవితమును ప్రవాసముననే గడపెను.

వార్ధక్యమునను ఆయన పాతపని మానలేదు. ఈసారి ముసుగు మనిషికి కాదు, గ్రంథమునకు. లోకమును ఏలుటకు యూదుపెద్దలు పన్నిన కుట్రయని చెప్పబడు ‘సీయోను పెద్దల నిర్ణయములు’ అను పుస్తకము అప్పుడు హిట్లరు అనుయాయుల చేతిలో ఆయుధముగా నుండెను. 1934లో స్విట్జర్లండులోని బెర్న్ న్యాయస్థానమున అది కూటసృష్టియని బూర్త్సెవ్ సాక్ష్యమిచ్చెను. 1938లో ఆ విషయమునే ఆధారసహితముగా గ్రంథము వ్రాసెను. లేని కుట్రను కల్పించి అమాయకులపై వేయు విద్యను ఆయన రచ్‌కోవ్‌స్కీ కాలమునుండి చూచుచున్నవాడే. ఒకప్పుడు యువకుల చేతికి బాంబు నందించిన విద్యయే ఇపుడొక జాతి మొత్తము చేతికి లేని కుట్ర నంటగట్టుచుండెను.

జర్మను సేనలు పారిస్‌ను ఆక్రమించియున్న కాలమున, 1942 ఆగస్టులో, ఎనుబదవ యేట బూర్త్సెవ్ ఆ నగరపు ఆసుపత్రిలో నిరుపేదగా కన్నుమూసెను. ధనమునకు లోబడినవారి జాబితాలతో జీవితమును గడపిన ఆయన వెనుక మిగిల్చినవి కాగితముల కట్టలే. పాఠశాలలలో, సంఘములలో, సభలలో పదిమందితో కలిసి పనిచేయవలసిన యువకులకు ఆయన చరిత్ర రెండు జాగ్రత్తలను నేర్పును. పెద్దవాడని ఎవనిని ప్రశ్నకు అతీతునిగా చేయరాదు. అనుమానము కలిగినదని ఎవనిని ఆధారములేక నిందింపరాదు. ఈ రెండును ఒకచోట నిలిచిననాడు ఇంటిదొంగకు ఆ యింట చోటుండదు.